వాగ్దాన కార్డులో యిర్మీయా 29:11 వచ్చింది. మా ఆయనకి నా కిడ్నీ ఇస్తే అది అపనమ్మకమా?

మహేంద్రతనయ ఒడ్డు (ప్రశ్న)

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. రాష్ట్రం ఒడిశా అయినా మా ఇంట్లో, వీధిలో, మందిరంలో మాట్లాడేది తెలుగే. ఏరు దాటితే పాతపట్నం. నేను ఈ ఫోరంలో ఎప్పుడూ రాయలేదు, చదువుతూ ఉంటానంతే. ఈరోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

2024 డిసెంబరు 31 రాత్రి మందిరంలో ఆరాధన అయ్యాక, పన్నెండు దాటగానే, ఎప్పటిలాగే పళ్లెంలో వాగ్దాన కార్డులు తెచ్చారు, కొత్త ఏడాదికి దేవుడిచ్చే మాటగా ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వాక్యం ఉంటుంది. మా ఇంటి తరఫున నేనే తీశాను. సూర్యోదయం బొమ్మ, కింద యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న వాక్యం. మా ఆయన అక్కడే నిలబడి దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. ఇంటికొచ్చి బీరువా తలుపుకి అంటించాను.

మార్చిలో ఆయన కాళ్లు వాచాయి. అన్నం ముందు కూర్చుంటే వాంతి. బీపీ, షుగరు పన్నెండేళ్లుగా ఉన్నాయి. గ్యాస్ అనుకున్నాం. రక్తపరీక్షలో క్రియాటినిన్ 9 దాటింది, అంటే కిడ్నీలు పాడయ్యాయన్నమాట. మే నెలలో డయాలసిస్ మొదలైంది. ముందు మెడ దగ్గర గొట్టం పెట్టి చేశారు, తర్వాత డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం నాలుగేసి గంటలు. పొద్దున్నే ఆటోలో వెళ్తాం, వచ్చేసరికి ఆయన మాట్లాడే ఓపిక కూడా లేకుండా పడుకుంటారు. రోజుకి ముప్పావు లీటరుకి మించి నీళ్లు తాగకూడదు. నేను గీత పెట్టిన సీసాలో పోసి ఇస్తాను. మిగిలిన రెండు గుక్కలు రాత్రికి దాచుకుంటారు. చిన్నపిల్లాడిలా.

ఆయనది కొబ్బరితోట. ఊరికి దగ్గర్లో ఎకరంన్నర. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి అరవై చెట్లలో నలభై ఆరు పోయాయి. తెల్లారి మేము వెళ్లేసరికి కొన్ని వేళ్లతో లేచి పడున్నాయి, కొన్ని నడిమికి విరిగి ఉన్నాయి. ఆయన ఏడవలేదు. మరుసటి ఏడాది మొదటి వానలకి నలభై మొక్కలు పాతారు. అందరూ అరటి వేసుకోమన్నారు, త్వరగా డబ్బు వస్తుందని. కొబ్బరే వేశారు. ఈ ఏడు, డయాలసిస్ మొదలైన ఈ ఏడే, వాటిలో రెండు చెట్లకి మొదటి గెలలు దిగాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఒక్క గ్లాసు కూడా ప్రమాదమే అని డాక్టరు చెప్పారు. ఆయన చెట్టు, ఆయన బొండాం, ఆయన తాగకూడదు.

అసలు సంగతికి వస్తాను. కిడ్నీ మార్పిడి చేయించుకుంటే మంచిదని డాక్టర్లు అంటున్నారు. నా రక్తం ఓ పాజిటివ్, ఆయనకి సరిపోయే గ్రూపే. మిగతా టెస్టులు చేయించుకోవాలి. ఆంధ్రాలో అయితే మాది ఒడిశా రేషన్ కార్డు కాబట్టి ఆరోగ్యశ్రీ రాదు. కటక్ వెళ్లాలి. దూరమైనా వెళ్తాం.

ఇంట్లో మాత్రం తుఫాను రేగింది. మా ఆడపడుచు అంటుంది, "వదినా, హాని చేయను అని దేవుడు కార్డులో రాసి ఇచ్చాడు కదా, కత్తి పెట్టించుకుంటే ఆ మాట నమ్మనట్టే. స్వస్థత వచ్చేదాకా పట్టుబట్టి ప్రార్థించాలి" అని. ఆమె మంచి మనిషి. ఆయన కోసం ఎనిమిది నెలలుగా రాత్రి భోజనం మానేసింది. మా పెద్దన్నయ్యేమో, "ఇదే దేవుని ప్రణాళిక, ఒప్పుకో అమ్మా, ఎదురు తిరగకు" అంటాడు. వేరే ఊరినుంచి కూడికలకి వచ్చిన ఒక ప్రసంగీకుడు మా ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే ఆలస్యం అవుతోంది అన్నాడు. ఆ రాత్రి ఈయన నిద్రపోలేదు. చిన్నప్పటి నుంచీ చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే నాకు చెప్పుకున్నారు. పదిహేనేళ్ల వయసులో పక్కింటి తోటలో మామిడికాయలు కోసింది కూడా.

ప్రణాళిక, ప్రణాళిక అని అందరూ అంటున్నారు. ఇల్లు కట్టేవాళ్ల దగ్గర ప్లాను ఉంటుంది. ఈ గోడ ఎందుకు పడగొడుతున్నావు అని అడిగితే మేస్త్రీ కాగితం తీసి చూపిస్తాడు. నాకు ఆ కాగితం ఎవరూ చూపించట్లేదు.

దేవుడు ఉన్నాడా లేడా అన్నది కాదు నా ప్రశ్న. ఉన్నాడు. రాత్రి పడుకునే ముందు ఫిస్టులా మీద చెయ్యి పెట్టి చూడమని నర్సు నేర్పింది. చెయ్యి పెడితే లోపల జుమ్మంటూ రక్తం పరిగెడుతున్నట్టు తెలుస్తుంది. అది తెలిస్తే బాగా పనిచేస్తున్నట్టు. నేను అలా చెయ్యి ఉంచే ప్రార్థన చేస్తాను. దేవుడు ఉన్నాడని నాకు అక్కడ తెలుస్తుంది. నేను అడిగేది ఇదే. ఆయన ప్రణాళికని నమ్మడం అంటే ఏమీ చేయకుండా కూర్చోవడమా? నేను కిడ్నీ ఇస్తే ఆ కార్డుని చింపినట్టా?

బరంపురం విశ్వాసి

అక్కా, చదువుతుంటే కళ్లు తడిశాయి. మా శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అన్నయ్యగారి కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తాం. ఇక లేవరని డాక్టర్లు చెప్పిన మా చిన్నాన్న లేచి ఇప్పుడు పొలం వెళ్తున్నారు. దేవునికి అసాధ్యం లేదు. కిడ్నీ సంగతిలో సలహా చెప్పేంత తెలివి నాకు లేదు. ఆ ప్రసంగీకుడి మాట మాత్రం మనసులోంచి తీసేయండి. బైబిల్లో ఏ తప్పూ లేకుండానే కష్టాలు పడ్డ యోబుతో అతని స్నేహితులు కూడా అదే మాట అన్నారు, చివరికి వాళ్ల మీదే దేవుడికి కోపం వచ్చింది.

పాత సిస్టరమ్మ

అమ్మా, నేను రాయగడ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో ఆరేళ్లు డయాలసిస్ వార్డులో. ముందు గట్టిగా ఒక మాట చెప్పనీ. ఎవరు ఏ వాక్యం చూపించినా డయాలసిస్ ఒక్క వారం కూడా ఆపొద్దు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు ఒకడు ఉండేవాడు, మా బెడ్లలో కిటికీ పక్కది అతనిది. స్వస్థత కూడికలకి తీసుకెళ్లి, బాగైపోయింది, ఇక అక్కర్లేదు అని ఇంట్లోవాళ్లు మానిపించారు. పదకొండో రోజున తీసుకొచ్చారు. మేము చేయగలిగింది ఏమీ మిగల్లేదు. వాళ్లమ్మ వరండాలో కూర్చుని "నేను నమ్మాను కదా సిస్టర్, నమ్మాను కదా" అని అడిగిన గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమె తప్పు ఏమీ లేదు. ఆమెకి తప్పు చెప్పారు.

మీ ఆడపడుచుకి రెండో రాజులు ఇరవయ్యో అధ్యాయం చదివి వినిపించండి. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉన్నాడు. దేవుడు యెషయా ప్రవక్త ద్వారా స్పష్టంగా మాట ఇచ్చాడు, బాగు చేస్తాను, మూడో రోజున మందిరానికి వెళ్తావు, ఇంకా పదిహేనేళ్లు ఇస్తాను అని. అంతటి వాగ్దానం చేతిలో ఉండగానే యెషయా ఏం చేశాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. అది వైద్యం కాదా? వాగ్దానం వచ్చింది కాబట్టి మందు వద్దు అని ప్రవక్త అనలేదు. పౌలు కూడా తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతు ఊళ్లో రోగిగానే వదిలి వచ్చానని రాశాడు. తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వీళ్లందరికీ విశ్వాసం తక్కువైందని ఎవరైనా అంటారా?

మార్పిడి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అది అద్భుతమూ కాదు, శాశ్వతమూ కాదు. మార్చిన కిడ్నీని ఒళ్లు తోసేయకుండా ఉండటానికి ఆయన జీవితాంతం పూటపూటకీ మాత్రలు వేసుకోవాలి. ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత ఆ కిడ్నీ కూడా అలిసిపోవచ్చు. అయినా చాలామందికి డయాలసిస్ కంటే మెరుగైన బతుకు, ఎక్కువ ఆయుష్షు దొరుకుతాయి. ఇచ్చినవాళ్లు ఒక్క కిడ్నీతో మామూలుగా బతకొచ్చు. కాకపోతే మీ బీపీ, షుగరు, గుండె, కిడ్నీలు అన్నీ పరీక్ష చేసి సరే అంటేనే తీస్తారు. అవయవ మార్పిడికి 1994 నుంచి చట్టం ఉంది. భార్య దగ్గరి బంధువు కిందే వస్తుంది. పెళ్లి రుజువులు, కాగితాలు ఇప్పటినుంచే దగ్గర పెట్టుకోండి.

ఇంకొక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఆయన కాళ్లు, ఆయన దాహం, ఆయన తోట, ఆయన నిద్ర, అన్నీ ఉన్నాయి. మీ గురించి ఒక్క మాట లేదు. మీ ఒంట్లోంచి ఒక అవయవం తీస్తారు. మీకు భయంగా లేదా? ఇవ్వాలని మీకు నిజంగా ఉందా, లేక ఇవ్వకపోతే మంచి భార్యవి కావని ఎవరైనా అంటారనా? ఆసుపత్రిలో మిమ్మల్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడుగుతారు. అప్పుడు నిజం చెప్పండి. వద్దు అనిపిస్తే వద్దు అనండి. అది కూడా పాపం కాదు.

రిటైర్డ్ మాస్టారు

అమ్మా, నేనూ మీ ఊరివాణ్ణే. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నర్సమ్మగారు చెప్పాక వైద్యం గురించి నేను చెప్పేది లేదు. ఆ కార్డు గురించి చెప్తాను, ఎందుకంటే ఆ వాక్యం మీకు సగమే ఇచ్చారు.

అది ఒక ఉత్తరంలోని వాక్యం. క్రీస్తుకు పూర్వం 597లో యెరూషలేము నుంచి రాజునీ, పెద్దల్నీ, కమ్మరుల్నీ బబులోనుకు పట్టుకుపోయారు. వాళ్లకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయం తప్పకుండా చదవండి. హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారు, దేవుడు చెప్పాడు అన్నాడు. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? మొదట "ఆమేన్" అన్నాడు. దేవుడు అలాగే చేయాలి అన్నాడు. నాకు ఆ ఆమేన్ అంటే ప్రాణం. యిర్మీయాకీ అదే కావాలి. మీ ఆడపడుచు కోరుకునేదే ఆయనా కోరుకున్నాడు. కానీ దేవుడు చెప్పింది రెండేళ్లు కాదు, డెబ్బై ఏళ్లు. అందుకే ఉత్తరంలో, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఊరి క్షేమం కోసమే ప్రార్థించండి అని రాశాడు. ఆ తర్వాత వస్తుంది మీ పదకొండో వచనం. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండా అక్కడే కన్నుమూసి ఉంటారు. అయినా ఆ మాట వాళ్లకి అబద్ధం కాలేదు. దేవుడు వాళ్ల మీద పగతో లేడని వాళ్లకి తెలిసింది. వాళ్లు తోట నాటారు.

ఇంకో సంగతి. అక్కడ ఉన్నది "మిమ్మును గూర్చి", "మీకు". నిన్ను, నీకు అని కాదు. మన తెలుగులో అది స్పష్టంగా కనిపిస్తుంది. ఒక జనం మొత్తానికి ఇచ్చిన మాటని కత్తిరించి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కార్డుగా పెట్టేసరికి, మోయలేని బరువంతా మీ ఒక్కరి మీద పడింది. మీకు నమ్మే ఓపిక లేని రోజున పక్కవాళ్లు మీ బదులు నమ్మాలి. సంఘం ఉన్నది అందుకు. మీ ఆడపడుచు మానేసిన భోజనాలు ఆ లెక్కలోవే, ఆమెని దూరం చేసుకోకండి.

గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్లో బడిపంతులుగా ఉండి, జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు. ఆ ఊరివాణ్ణి కాబట్టి గ్రాంథిక మాట కనిపిస్తే వాడుకలో ఏమంటామో చూసుకోవడం నాకు అలవాటు. మన బైబిల్లో ఆశ అనాల్సిన చోట నిరీక్షణ అని ఉంటుంది. అంటే ఎదురుచూడటం. రోమా ఎనిమిదో అధ్యాయంలో పౌలు, మనం చూడనిదాని కోసం ఓపికతో "కనిపెట్టుదుము" అంటాడు. ఇప్పటి పిల్లలకి కనిపెట్టడం అంటే సైంటిస్టులు చేసే పని. మన ఇళ్లలో ఇంకో అర్థం ఉంది కదా. రోగి దగ్గర ఎవరున్నారు అని అడిగితే, "భార్య కనిపెట్టుకుని ఉంది" అంటాం. మీరు గీత పెట్టిన సీసాలో నీళ్లు కొలుస్తున్నారు. రాత్రి ఆ చేతి మీద చెయ్యి పెట్టి చూస్తున్నారు. పౌలు చెప్పిన పని మీరు మే నెల నుంచీ చేస్తూనే ఉన్నారమ్మా.

మీ అన్నయ్య మాటకీ ఒక జవాబు. దేవుని ప్రణాళికను ఒప్పుకోవడం వేరు, జబ్బుని దేవుడని ఒప్పుకోవడం వేరు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు కూడా ముందు "ఈ గిన్నె తొలగించు" అని అడిగాడు. ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు. అడగకుండా ఆ రెండో మాటకి దూకమని ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టకూడదు.

గుణుపురం రైలు

వదినగారూ, నాకు మా అక్క కిడ్నీ ఇచ్చి ఏడేళ్లయింది. నాలుగో ఏట ఒకసారి ఒళ్లు దాన్ని తోసేయబోయింది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉంచి మందులతో ఆపారు. ఇప్పుడు బాగున్నాను. మన నౌపడా-గుణుపురం లైనులో చిన్న రైలుని 2004లో ఆపేశారు, పెద్ద పట్టాలు వేసి గుణుపురం దాకా మళ్లీ రైలు నడిపేసరికి 2011 వచ్చింది. అన్నాళ్లూ మా నాన్న రోజూ సాయంత్రం స్టేషన్‌కి వెళ్లి కూర్చుని వచ్చేవారు. డయాలసిస్ రోజుల్లో ఆయన నాకు గుర్తొచ్చేవారు.

మా అక్క గురించి చెప్పాలి. ఆపరేషన్ తర్వాత అందరూ నా మంచం చుట్టూ చేరారు. నొప్పి మా అక్కకే ఎక్కువ ఉంది, ఆమె దగ్గర ఎవరూ లేరు. మీతో ఎవరుంటారో ముందే మాట్లాడుకుని వెళ్లండి. కటక్‌లో ఇల్లు చూసుకోవడానికి సాయం కావాలంటే నేను చేస్తాను.

మహేంద్రతనయ ఒడ్డు

ఐదు రోజులుగా చదువుతున్నాను, రాయడానికి చేతులు రాలేదు. అందరికీ దండాలు.

సిస్టరమ్మా, మీరు అడిగింది చదివి ఫోను పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. భయం ఉంది. చాలా ఉంది. మాకు ఇద్దరు ఆడపిల్లలు. ఆపరేషన్ బల్ల మీద ఇద్దరం ఒకే రోజు ఉంటాం. ఏదైనా జరిగితే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారన్నదే రాత్రంతా ఆలోచన. ఆ భయాన్నే నేను అపనమ్మకం అనుకున్నాను. అందుకే కార్డు చింపినట్టా అని అడిగాను, కానీ నా లోపల ఉన్న ప్రశ్న వేరే. ఈ మాట మా ఆయనకి ఆదివారం రాత్రి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీకు భయం లేదనుకుని నేను నీ దగ్గర కిడ్నీ తీసుకోవడానికి భయపడ్డాను" అన్నారు. ఇద్దరం ఏడ్చాం. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అలా ఎప్పుడూ ఏడవలేదు.

నాకు ఇవ్వాలనే ఉంది. భయంతోనే ఇస్తాను.

హిజ్కియా అధ్యాయం మా ఆడపడుచు దగ్గర చదివాను. ఆమె మళ్లీ తన బైబిల్లో తీసి చూసుకుంది. పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ కటక్ వెళ్తే పిల్లల దగ్గర నేనుంటాను వదినా అంది. నా మంచం దగ్గర మా చిన్న చెల్లి ఉంటానంది. మాస్టారూ, మా అన్నయ్యకి గెత్సేమనే సంగతి చెప్పాను. ఇంకా జవాబు ఇవ్వలేదు.

నిన్న తోటకి వెళ్లాం. ఆయన నడుస్తానన్నారు, మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. ఆ చెట్లు ఇంకా పొట్టివే, కింద నిలబడే గెల కోయొచ్చు. ఎడమ చేతితో బరువు ఎత్తకూడదు కాబట్టి గెల నేను పట్టుకున్నాను, కుడి చేత్తో ఆయన కోశారు. తొమ్మిది బొండాలు. ఒకటి కొట్టి పెద్దమ్మాయికి ఇచ్చి, "ఎలా ఉంది?" అని అడిగారు. "మొదట కొంచెం ఉప్పగా, తర్వాత తియ్యగా ఉంది నాన్నా" అంది. ఆయన తలూపారు, తనే తాగినట్టు. ఇంకోటి చిన్నమ్మాయికి. మిగిలిన ఏడూ మంగళవారం డయాలసిస్ వార్డు బయట కూర్చునే వాళ్లకి ఇద్దామన్నారు. లోపల ఉన్నవాళ్లు తాగకూడదు, బయట కాపలా ఉన్నవాళ్లకి ఎండకి బాగుంటుంది.

బుధవారం నా టెస్టులు మొదలవుతాయి. బరంపురం తమ్ముడూ, శుక్రవారం ప్రార్థనలో ఈసారి నా పేరు కూడా చేర్చండి.